పాత మోటారుకారు నిలిచిపోయినప్పుడు

మోటారుకారు నడుచుటకు ముఖ్యముగా మూడు కావలెను: గాలి, పెట్రోలు, తగిన క్షణమున నిప్పురవ్వ. గాలికి కొదువ యుండుట అరుదు. కావున దారిలో నిలిచిన పాత బండిలో దోషమును వెదకవలసిన తావులు రెండు: విద్యుత్తు, ఇంధనము. ఈ రెంటిలో ఏది లోపించినదో తేల్చుకొనక భాగములు మార్చుట, రోగము తెలియక మందు మింగుట వంటిది. డబ్బు ఖర్చగును, బండి మాత్రము కదలదు.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు, బొంబాయి ప్రీమియరు పద్మిని మొదలగు కార్లు కొన్ని ఇండ్లలో ఇంకను భద్రముగా నున్నవి. ధర్మాబాదు నుండి రాత్రివేళ రోగిని నాందేడునకో నిజామాబాదునకో కొనిపోవు కుటుంబమునకు బండి నడిదారిలో నిలుచుట చిన్న విషయము కాదు. ఇచట చెప్పునది కార్బురేటరు, పాయింట్లు గల పాత నమూనాలను గూర్చియే. కంప్యూటరు గల కార్లకు ఈ పరీక్షలు వర్తింపవు.

ఆగిన తీరు

బండి ఎట్లు ఆగినదో మొదట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దీపము ఆర్పినట్లు ఇంజను ఒక్కసారిగా ఆగిన యెడల విద్యుద్దోషమును ముందుగా శంకింపవలెను. దగ్గుచు, కుదుపులిచ్చుచు, క్రమముగా బలము తగ్గి ఆగిన యెడల ఇంధనదోషమును శంకింపవలెను. ఇది సూచన మాత్రమే. నిర్ణయము పరీక్షవలననే కలుగును.

విద్యుత్తు

స్టార్టరు తిరుగనిచో ముందరి దీపములు వెలిగించి స్టార్టరు నొక్కుడు. దీపములు మిక్కిలి మసకబారినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొనలు వదులైనవనియో గ్రహింపవలెను. దీపములు ఏమాత్రము తగ్గకున్నచో స్విచ్చి, తీగ, సోలనాయిడు వీనిలో లోపముండవచ్చును. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నప్పుడు, విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచుచుండగా సుమారు 14 వోల్టులు చూపవలెను. అట్లు పెరుగనిచో ఛార్జింగు జరుగుట లేదు. కొత్త బ్యాటరీ కొన్నను అదియు ఖాళీ యగును.

బ్యాటరీ విప్పునప్పుడు చట్రమునకు కలిపిన తీగను ముందుగా తీయవలెను. బ్రిటిషు నమూనాపై తయారైన కొన్ని పాత కార్లలో ప్లస్ కొనయే చట్రమునకు కలుపబడి యుండును. కావున చూచి తీయవలెను. ఫ్యూజు కాలినచో అదే ఆంపియర్ల ఫ్యూజునే వేయవలెను. సిగరెట్టు పెట్టె రేకు చుట్టుట తీగల కట్టకు నిప్పు పెట్టుటయే.

స్టార్టరు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొననిచో నిప్పురవ్వను చూడవలెను. పెట్రోలు వాసన యున్నచో ఈ పరీక్ష చేయరాదు. ఇంజనులోని ప్లగ్గును విప్పక, దాని తీగను మాత్రము తీసి వేరొక ప్లగ్గునకు తగిలించి, ఆ ప్లగ్గు ఒడలును ఇంజను లోహమునకు ఆనించి స్టార్టరు తిప్పింపుడు. ఇందు వేల వోల్టులు ప్రవహించును గనుక చేతితో పట్టరాదు. నీలిరంగున చురుకైన రవ్వ వచ్చినచో మంచిది. పసుపుపచ్చగా, బలహీనముగా వచ్చినను, అసలు రాకున్నను పాయింట్లు, కండెన్సరు, కాయిల్, డిస్ట్రిబ్యూటరు మూత వరుసగా చూడవలెను. వానకాలమున ఆ మూతలోని తేమను పొడిబట్టతో తుడిచినంతనే బండి నడుచుట కలదు.

ఇంధనము

రవ్వ బాగున్నచో ఇంధనమును చూడవలెను. టాంకు ముల్లును నమ్మక, పెట్రోలున్నదో లేదో మొదట తెలిసికొనుడు. టాంకు మూత తీయగా లోనికి గాలి పీల్చిన చప్పుడై, పిదప బండి నడిచినచో మూతలోని గాలిరంధ్రము పూడినదని అర్థము. ఫిల్టరులో చెత్త, పంపులో చిరిగిన డయాఫ్రము తరువాత చూడవలసినవి. గొట్టము విప్పుట ఇంజను చల్లారిన పిమ్మట, ఆరుబయట, నిప్పునకు దూరముగా జరుగవలెను. పెట్రోలును నోటితో లాగుటయు, కార్బురేటరులో పోసి స్టార్టు చేయుటయు ప్రాణాంతకములు. పిల్లలను దూరముగా నిలుపవలెను.

2023 నుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు విక్రయింపబడుచున్నది. పాత కార్ల రబ్బరు గొట్టములు దీనికై చేసినవి కావు. అవి మెత్తబడుటయు, బీటలువారి కారుటయు సంభవించును. ఇథనాలు నీటిని పీల్చుకొనును గనుక నెలల తరబడి కదలని బండి టాంకులో పాత పెట్రోలు నిలువ యుంచరాదు.

ఒకే లక్షణము, రెండు కారణములు

వేసవి మధ్యాహ్నమున బండి ఆగి, అరగంట చల్లారిన పిదప మరల నడుచుట పలువురెరిగినదే. ఎండకు పెట్రోలు గొట్టములో ఆవిరియై పంపునకు అందకపోవుట ఒక కారణము. వేడెక్కిన కాయిల్ విఫలమగుట రెండవ కారణము. చల్లారిన పిమ్మట రెండును సరిగానే పనిచేయును. అప్పుడు పరీక్షించినవానికి ఏమియు దొరకదు. కావున బండి వేడిగా నిలిచియుండగనే రవ్వను చూడవలెను. రవ్వ లేనిచో కాయిలును శంకింపవచ్చును. రవ్వ బలముగా నున్నచో పంపుపై తడిబట్ట వేయుడు. దానితో నడిచినచో ఆవిరియే కారణము.

బండిలో చిన్న నోటుపుస్తకము నుంచి ఎప్పుడు ఆగినదో, వేడిగా నుండెనా చల్లగా నుండెనా, ఏ భాగము మార్చితిమో వ్రాయుడు. ఇంటి పిల్లలచేత వ్రాయింపుడు. మెకానిక్కునకు ఆ పుట చూపినచో అతని పని సగము తగ్గును. మన ఖర్చును తగ్గును.