పాట ఎందుకు తడబడింది? చెప్పగలిగితే కొలువే!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు. వాటి పక్కనే జావా, పైథాన్, డేటా సైన్స్. అక్కణ్నుంచి చైతన్యపురి మీదుగా ఎల్బీ నగర్ దాకా హాస్టళ్లలో ఉంటున్న ఈసీఈ విద్యార్థులు చదివిన బ్రాంచిని అటకెక్కించి ఈ గుంపులోనే కలుస్తుంటారు. వాళ్లు పట్టించుకోని దారి ఒకటుంది: లినక్స్ డ్రైవర్లు, అందులోనూ ఆడియో. క్వాల్‌కామ్, ఏఎండీలకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. కెర్నెల్ సోర్సులోని సౌండ్ విభాగంలో ఈ రెండు సంస్థల చిప్‌లకూ విడివిడి ఫోల్డర్లున్నాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

లినక్స్‌లో శబ్దం నడిపేది ఆల్సా. 1998లో మొదలై, 2003లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ప్రధాన సౌండ్ వ్యవస్థగా స్థిరపడింది. అది ఆడియోను పీరియడ్లుగా విడగొడుతుంది. సెకనుకు 48,000 ఫ్రేములు, పీరియడ్‌కు 1,024 అనుకుంటే ఒక్కో పీరియడ్ దాదాపు 21 మిల్లీసెకన్లు. అది అయిపోగానే హార్డ్‌వేర్ ఇంటరప్ట్ ఇస్తుంది, ప్లేయర్ తర్వాతి ముక్క నింపాలి. ఆలస్యమై బఫర్ ఖాళీ అయితే టక్కుమని శబ్దం వస్తుంది. దాన్నే అండర్‌రన్ అంటారు.

టైమింగ్ తప్పును పట్టడానికి చెవి చాలదు, లెక్క కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక చవక యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి (దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే సరి). ఏప్లే అనే ప్లేయర్‌తో 48,000 రేటు ఫైల్‌ను నేరుగా ఆ కార్డుకే పంపండి. ప్రోక్ ఫోల్డర్‌లో అసౌండ్ కింద ఆ కార్డు స్టేటస్ ఫైల్ ఉంటుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం: ప్లేయర్ ఎంతవరకు రాసిందో ఒకటి, హార్డ్‌వేర్ ఎంతవరకు వినిపించిందో మరొకటి. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూస్తే రెండో అంకె సుమారు 4,80,000 పెరగాలి. అదే 44,100 రేటు ఫైల్ అయితే, డ్రైవర్ 44,100 అనుకుంటుండగా చిప్ క్లాక్ 48,000తో నడిస్తే అయిదు నిమిషాల పాట 276 సెకన్లకే ముగుస్తుంది, గొంతు కూడా సన్నబడుతుంది. అంకె సరిగానే పెరుగుతూ మధ్యలో టక్కుమంటే, తప్పు క్లాక్‌ది కాకపోవచ్చు. ఇంటరప్ట్ ఆలస్యాన్నీ ప్లేయర్‌నూ అనుమానించాలి.

కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఏం జరుగుతోందో చూద్దామని ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ప్రింట్‌కే (కెర్నెల్ సందేశాలు ముద్రించే ఫంక్షన్) పెడతారు. 1,15,200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద అరవై అక్షరాల వరుసకు అయిదు మిల్లీసెకన్లు పడుతుంది, అంటే పీరియడ్‌లో నాలుగో వంతు. వెతుకుతున్న జబ్బుకు కొత్త జబ్బు తోడవుతుంది. అందుకే కెర్నెల్‌లోనే ఉండే ట్రేసింగ్ సాధనం ఎఫ్‌ట్రేస్ నేర్చుకోండి. ఆల్సాలో హార్డ్‌వేర్ పాయింటర్‌కూ అండర్‌రన్‌కూ ట్రేస్ పాయింట్లు ముందే ఉన్నాయి. అవి మెమరీలో గుర్తులు రాసిపెడతాయి, తీరిగ్గా తర్వాత చదువుకోవచ్చు.

ఈ డ్రైవర్ల పనికి సీ భాష, పాయింటర్లు, ఇంటరప్టులు, డీఎంఏ గట్టిగా రావాలి. ఐటూఎస్ బస్, సర్క్యూట్ బొమ్మ చదవడం ఈసీఈ వాళ్లకు కలిసొచ్చే అంశాలు. ఫోన్లు, కార్ల మ్యూజిక్ సిస్టమ్‌లు, సెట్‌టాప్ బాక్సులు అన్నిటికీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. నిజం చెప్పాలంటే, వెబ్ ఉద్యోగాలతో పోలిస్తే ఫ్రెషర్ ఖాళీలు తక్కువ, నేర్చుకోవడానికి పట్టే కాలం ఎక్కువ. మూడు నెలల్లో ఆఫర్ కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. కాస్త ఓపిక పట్టగలిగితే మాత్రం, రెజ్యూమెలో పది కోర్సుల పేర్ల కన్నా మీరు మొదటినుంచి చివరిదాకా ఛేదించిన ఒక్క అండర్‌రన్ కథ, దాని ట్రేస్, మీ ప్యాచ్ ఎక్కువ బరువు తూగుతాయని నా నమ్మకం.

ఎంబెడెడ్ కోర్సులో చేరే ముందు డెమో క్లాసులో ఈ రెండు ప్రశ్నలు అడగండి: కెర్నెల్ మాడ్యూల్‌ను నిజమైన బోర్డు మీద మాచేత రాయిస్తారా? అది చెడిపోతే ఎలా వెతకాలో చూపిస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.