బడి మూతపడ్డ పల్లె

ప్రతి ఏడూ ఈ సంచికలో మన ఊళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము సముద్రం అవతలి ఒక ఊరి గురించి చెప్పదలచాం.

ఐర్లాండ్ దేశానికి నైరుతి మూలన కెర్రీ అనే జిల్లా ఉంది. అందులో సముద్రం ఒడ్డున ఉన్న చివరి ఊరు డన్‌క్విన్. అక్కడి రేవులో నిలబడితే ఎదురుగా నీళ్ళలో ఒక కొండ కనిపిస్తుంది. అదే గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం. పొడవు సుమారు 6 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరుకు అటూ ఇటూ. ఆ కొండవాలు మీద ఒకే ఒక్క పల్లె ఉండేది. 1916లో అక్కడ 176 మంది ఉన్నారు. ఆ పల్లె ఎన్నడూ అంతకు మించి పెరగలేదు. అంటే మనలాంటి హాస్టల్ ఒకటి రెండింటిలో సరిపోయే జనం. అలాంటి పల్లె మనుషులు రాసిన పుస్తకాలను ఈనాడు ఎన్నో భాషల్లో చదువుతున్నారు.

పల్లెలో దుకాణం లేదు, చర్చి లేదు, డాక్టరు లేడు. టీ పొడి కావాలన్నా, పొగాకు కావాలన్నా పడవ వేసుకుని డన్‌క్విన్ రేవుకు రావాలి, అక్కడినుంచి డింగిల్ పట్నానికి నడవాలి. మనిషి చనిపోతే శవాన్నీ పడవలోనే ఒడ్డుకు తెచ్చి పాతిపెట్టేవారు. వాళ్ళ పడవను నేవోగ్ అంటారు. సన్నని కర్రల చట్రానికి గుడ్డ బిగించి తారు పూస్తారు. అంత తేలిక కాబట్టే దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని మోసుకుపోయేవారు. చేపలు, బంగాళాదుంపలు, ఓట్లు, కొన్ని ఆవులు, గొర్రెలు, ఇదే బతుకు. వంటచెరకుకు కొండమీది పీటు మట్టిని గడ్డలుగా కోసి ఎండబెట్టుకునేవారు. పాతకాలపు ఇళ్ళలో మనుషులతోపాటు ఆవు, గాడిద, కుక్క అన్నీ ఒకే కప్పు కింద పడుకునేవి. పైకప్పు గడ్డిలో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు ఉంటారేమో గాని, మాకు మాత్రం కొత్తగా అనిపించలేదు.

ఊరికి ‘రాజు’ కూడా ఉండేవాడు. కిరీటం లేదు, పన్నులు లేవు. వారంలో కొన్ని రోజులు ఒడ్డుకు పోయి ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్‌నే అందరూ రాజు అని పిలిచేవారు. భూమి మాత్రం దొరది. కౌలు కట్టలేక వాళ్ళు పడిన పాట్లు చాలా ఉన్నాయి. 1907లో ఒక ప్రభుత్వ బోర్డు ఆ ద్వీపాన్ని కొని, ముక్కచెక్కలుగా ఉన్న చేలను సర్ది పంచింది. కొన్ని కొత్త ఇళ్ళూ కట్టించింది. రాత్రిపూట మగవాళ్ళు చేరి లోకం సంగతులు మాట్లాడుకునే ఇంటికి ‘డాయిల్’ అని పేరు. డాయిల్ అంటే ఐర్లాండ్ పార్లమెంటు. మన రచ్చబండకు అసెంబ్లీ అని పేరు పెట్టినట్టన్నమాట.

అసలు విషయం చదువు దగ్గర ఉంది. 1864లో అక్కడ బడి పెట్టారు. ఇంట్లో మాట్లాడేది ఐరిష్ భాష, బడిలో చెప్పేది ఇంగ్లీషు. ఆ బడిలో చదివిన తోమాస్ ఓ క్రోహన్ అనే జాలరికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి గాని సొంత భాష చదవడం రాలేదు. నడివయసులో, తుఫానుకు డన్‌క్విన్‌లో చిక్కుకుపోయిన రోజుల్లో, ఆ ఇంటి పిల్లల పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. 1917లో బ్రియాన్ కెల్లీ అనే ఆయన వచ్చి అతనికి గోర్కీ రచనలు చదివి వినిపించాడు. మనం ‘అమ్మ’ నవలతో ఎరిగిన గోర్కీయే. కూలీనాలీ బతుకులు కూడా పుస్తకమవుతాయని ఆ జాలరికి నమ్మకం కుదిరింది. 1929లో అతని ఆత్మకథ ‘ద్వీపవాసి’ అచ్చయింది. 1933లో కుర్రవాడైన మారిస్ ఓ సలివన్ తన చిన్ననాటి కథ రాశాడు. పెగ్ సేయర్స్ అనే అవ్వకు ఐరిష్ రాయడం రాదు, కథలు మాత్రం వందల్లో వచ్చు. ఆమె చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు, 1936లో అదీ పుస్తకమైంది. మన ఇళ్ళలోనూ ఇలాంటి అవ్వలు ఉన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి, రాసుకోవలసిన ఆ కొడుకు పని ఎవరిదో మాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకాలు వస్తున్న రోజుల్లోనే ఊరు ఖాళీ అవుతోంది. ఉప్పు చేపల బేరం పడిపోయింది. పడుచువాళ్ళు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్నానికి వలసపోయారు. ఆడపిల్లలు వెళ్ళిపోయాక పెళ్ళిళ్ళు ఆగాయి, పెళ్ళిళ్ళు ఆగాక పిల్లలు లేరు. 1941లో బడి మూసేశారు. ఆ తర్వాత ఒకే ఒక్క పిల్లవాడు మిగిలాడు. ముసలివాళ్ళే అతని తోటివాళ్ళు. లోకంలోకెల్లా ఒంటరి పిల్లవాడని పత్రికలు రాస్తే ఎక్కడెక్కడినుంచో అతనికి ఉత్తరాలు వచ్చాయి.

1947 జనవరిలో 24 ఏళ్ళ యువకుడు మెదడువాపుతో మంచాన పడ్డాడు. సముద్రం పడవను దాటనివ్వలేదు, ఉన్న ఒక్క టెలిఫోనూ పనిచేయలేదు. డాక్టరును చూడకుండానే చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లో తుఫాను నడుమ తిండి లేక ప్రధాని డి వలేరాకు టెలిగ్రాం ఇచ్చారు. ఆయన జూలైలో స్వయంగా వచ్చి చూశాడు. చివరికి 1953 నవంబరు 17న తరలింపు మొదలుపెట్టారు. అప్పటికి మిగిలింది 22 మంది. ప్రభుత్వమే ఊరిని పీకేసిందని కొందరంటారు గాని, మాకు అలా తోచదు. వెళ్ళిపోతామని అడిగింది ఆ ఊరివాళ్ళే. అయితే పన్నెండేళ్ళ ముందు బడి తలుపు పడ్డ రోజునే సగం తరలింపు జరిగిపోయింది.

వాళ్ళకు డన్‌క్విన్‌లో ఇళ్ళు ఇచ్చారు. వాకిట్లో నిలబడితే పాత ఊరు కనిపించేది. 1993లో ఆ ఒడ్డునే వాళ్ళ పేర ఒక ప్రదర్శనశాల కట్టారు. వేసవిలో యాత్రికులు పడవమీద వెళ్ళి మొండిగోడలు చూసి వస్తుంటారు.

డన్‌క్విన్ సంగతి ఇంకొకటి ఉంది. పిల్లలు తక్కువగా ఉన్నారని 1970లో ప్రభుత్వం అక్కడి బడినీ మూసేసింది. ఈ లెక్క మన దగ్గరా విన్నదే. కానీ ఎదుటి ద్వీపానికి ఏమైందో కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. పిల్లలను వేరే ఊరు పంపకుండా, తామే బడి నడుపుకుంటూ మూడేళ్ళు పోరాడారు. 1973లో ప్రభుత్వం మారింది, బడి మళ్ళీ తెరిచారు.