జీడిపూతకు నల్ల కాగితం

టెక్కలి,
మాఘ బహుళం

చిరంజీవి బుజ్జికి చిన్నమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన ఉగాది కార్డు అందింది. కత్తిరింపు శుభ్రంగా ఉంది, జిగురు ఎక్కడా అంచు దాటలేదు. కానీ పిల్లా, ఉగాదికి జపాను చెర్రీ కొమ్మ ఏటే? ఫోనులో వీడియో చూసి చేశావని చెప్పకపోయినా తెలుస్తోంది. ఐదు రేకులూ ఒకే కొలత, ఒకే గులాబీ రంగు, ఒకే వంపు. అచ్చు పంచితో కొట్టినవి కదూ? చెర్రీ పువ్వు నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు. చూడని పువ్వు చేస్తే ఎవరో చేసిన బొమ్మకు నకలే వస్తుంది. మీ పెరటి తలుపు తీస్తే జీడితోట, ఇప్పుడు చెట్టంతా పూత మీద ఉంది. ఈ ఏడు దాన్ని చెయ్యి.

నలభై మంది పిల్లలకు ఒకేసారి క్రాఫ్టు చెప్పిన దాన్ని, ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

ముందు పువ్వు సంగతి. గుత్తి తెంపకు, మీ నాన్న ఊరుకోడు. పూత తెంపితే జీడిపిక్క పోయినట్టే. అయితే గుత్తిలో ఎక్కువ భాగం మగపూలే, అవి ఎలాగూ రాలతాయి. పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిచి, రాలినవి ఏరుకో. భూతద్దం ఉంటే తీసుకెళ్ళు. అరంగుళం దాటని పువ్వు అది. సన్నని రేకులు ఐదు. విచ్చిన కొత్తలో తెల్లగా ఉండి, నిలువునా సన్నని ఎర్ర చారలుంటాయి. పాతబడేకొద్దీ గులాబీకి తిరిగి, రేకులు వెనక్కి చుట్టుకుపోతాయి. లోపల కేసరాల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే బాగా పొడుగ్గా బయటికి పొడుచుకు వస్తుంది. ఒకే గుత్తిలో పచ్చని మొగ్గ, తెల్లని కొత్త పువ్వు, గులాబీ రంగు పాత పువ్వు మూడూ ఉంటాయి. నీ కార్డులోనూ మూడూ ఉండాలి. అన్నీ ఒక రంగు చేశావంటే మీ ఊళ్ళో పిక్కలు ఏరే ముసలమ్మ కూడా ఇది జీడిపూత కాదని చెప్పేస్తుంది.

చేయడం కష్టం కాదు. పల్చని తెల్ల కాగితం సెంటీమీటరు వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల పొడవు ముక్క తీసుకో. ఒక పొడుగు అంచు నుంచి మూడింట రెండు వంతుల లోతు దాకా నాలుగు గాట్లు పెడితే ఐదు వేళ్ళొస్తాయి. ఒక్కో వేలి కొన కోసుగా కత్తిరించు. గాటు పడని అంచుకు జిగురు రాసి, ఒక కొసన కుట్టుదారం ముక్క అంటించి, దాని చుట్టూ బిగించి చుట్టు. కింద గొట్టం, పైన ఐదు రేకులు, మధ్యలో పొడుచుకొచ్చిన దారం. ఆ దారమే నీ పొడుగు కేసరం. జిగురు ఆరాక రేకుల్ని సూది మీద వెనక్కి వంచు. కొత్త పువ్వుకు కొంచెం, పాతదానికి పూర్తిగా. చారలకు ఎర్ర సిరా, సన్నని కుంచె. బీట్‌రూట్ రసం వాడమని వీడియోల్లో చెబుతారు, వినకు. నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది.

గుత్తి కొమ్మలకు కొబ్బరి పీచు పోగులు వాడు. తీగ కంటే పీచే నయం, దానికి సహజంగానే కాస్త వంకర ఉంటుంది. లేతాకుపచ్చ పూసి ఆరబెట్టి, పెద్ద పోగు నుంచి చిన్న పోగులు చీలినట్టు అంటించు. మొగ్గలకు కాగితం గుజ్జుతో గింజంత ఉండలు చాలు.

ఇంతా చేసి తెల్ల అట్ట మీద పెడితే ఏమీ కనబడదు. అందుకే నల్ల కాగితం కావాలి. అది కాశీబుగ్గ కొట్లో దొరికే నల్ల చార్టు కాదు, నువ్వు చేసుకునేది. దానికి కావలసినదీ జీడి చెట్టే ఇస్తుంది.

పలాసలో పిక్కలు ఉడికించి, కొట్టి, పప్పును బోర్మా అనే వేడిగదిలో ఆరబెట్టాక ఆడవాళ్ళు కూర్చుని పప్పు మీది ఎర్రటి పల్చని పొట్టు తీస్తారు. తర్వాత గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. 320 రకం అంటే ఒక పౌనుకు సుమారు అన్ని గుండ్లు తూగుతాయని లెక్క. ఆ లెక్క వ్యాపారులది, మనకు కావలసింది పొట్టు. దాన్నిండా వగరే. గుప్పెడు పొట్టు ఒకసారి కడిగి, రెండు గ్లాసుల నీళ్ళలో అరగంట మరిగించి వడగడితే చిక్కని ఎర్ర గోధుమ రంగు దిగుతుంది. చిటికెడు పటిక వేసి కాగితానికి పూస్తే అదొక మంచి మట్టి రంగు. ఇప్పుడు ఇనుప నీళ్ళు. తుప్పు మేకులు, బెల్లం ముక్క, నీళ్ళు ఒక కుండలో వేసి మూత కట్టి రెండు మూడు వారాలు ఉంచు. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు నల్ల గీతకు వాడే కసిమి ఇదే. పొట్టు రంగు పూసి ఆరిన కాగితం మీద ఈ నీళ్ళతో కుంచె లాగు. నీ కళ్ళముందే గోధుమ రంగు బూడిదై, నలుపవుతుంది. వగరుకు ఇనుము తగిలితే నలుపెక్కుతుంది. ఒకప్పటి రాత సిరాలో జరిగిందీ అదే. అయితే ఒక్క పూతతో ఆపు. ఇనుప నీళ్ళు ఎక్కువైతే కాగితం పెళుసుబారుతుంది. పాత దస్తావేజుల్లో సిరా అక్షరాలు కాగితాన్ని తినేసి చిల్లులు పడటం అందుకే.

ఒక్క హెచ్చరిక. పొట్టు వేరు, పిక్క పైపెంకు వేరు. పెంకులోని జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు నూనె రాసుకునేది సరదాకి కాదు. అందంగా ఉందని పెంకును కార్డుకు అంటించిన మహానుభావులున్నారు. నువ్వు ముట్టుకోకు.

నల్ల కాగితం మీద పువ్వు అన్న ఆలోచన నాది కాదు. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 1772లో, డెబ్భై రెండేళ్ళ వయసులో మొదలుపెట్టింది. రంగు కాగితాలు కత్తిరించి, నల్లని కాగితం మీద అంటించి పువ్వులు చేసింది. ఒక్క పువ్వుకు వందల ముక్కలు పట్టినవీ ఉన్నాయి. కొన్నిట్లో నిజమైన ఆకునే ఎండబెట్టి అంటించింది. చూపు మందగించి ఆపేసేనాటికి దాదాపు వెయ్యి పూలయ్యాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఫోను నీ చేతిలో ఎలాగూ ఉంటుంది, చెర్రీ కొమ్మల బదులు ఆవిడ పేరు వెతుకు. ఒక రేకులో నీడకు ఒక ముక్క, వెలుగుకు ఒక ముక్క ఎలా పెట్టిందో చూడు. మిక్స్‌డ్ మీడియా అని ఇవాళ పేరు పెట్టి అమ్ముతున్నదంతా ఆవిడ బల్ల మీద అప్పటికే ఉంది.

కాగితం కూడా చేతిదే అయితే బాగుంటుంది. పాత నోటు పుస్తకాలు చింపి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు ఎక్కువ పోసి మిక్సీలో తిప్పు. గుడ్డ పీలికలు కొంచెం కలిస్తే బలం. పొందూరు ఖద్దరు కుట్టించే ఇళ్ళలో కత్తిరింపులు అడుగు. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు, అంత పనితనం ఉన్న గుడ్డ ముక్కను చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పదు నాకు. గోరంత ముక్కలు చేసి వెయ్యి, పొడుగు పోగులు మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటే మీ అమ్మ నన్నంటుంది. టబ్బులో గుజ్జు నీళ్ళు పోసి, దోమతెర బిగించిన చెక్క చట్రాన్ని ముంచి, అడ్డంగా పైకెత్తు. నీరు కారాక తడి గుడ్డ మీద బోర్లించి, పైన ఇంకో గుడ్డ, దాని మీద రాయి. ఆరిన కాగితానికి పల్చని గంజి ఒక పూత ఇవ్వకపోతే రంగూ సిరా పీల్చుకుని చెదిరిపోతాయి. చేతి కాగితాన్ని రంగులో ముంచకు, విడిపోతుంది. వెడల్పు కుంచెతో పూసి, ఆరాక మళ్ళీ పూయి.

అన్నట్టు, మన తీరంలో ఈ పనికి అసలు శత్రువు గాలి. నౌపడ ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలి తగిలి ఇంట్లో ఉప్పు డబ్బాయే చెమ్మగిల్లుతుంటే కాగితం ఊరుకుంటుందా? పొద్దున మంచు తేమ పోయాక, పది దాటాక జిగురు పని పెట్టుకో. అట్టకు ఒక పక్కే కాగితం అంటిస్తే ఆరేటప్పుడు అట్ట వంగుతుంది. వెనక పక్క కూడా అదే బరువు కాగితం అంటించు, రెండు లాగుళ్ళూ సరిపోతాయి. మిల్లు కాగితానికి పోగు ఉంటుంది. పేపరు చింపి చూడు, ఒక వైపు తిన్నగా చిరుగుతుంది, రెండో వైపు అడ్డదిడ్డంగా. ముందు వెనక కాగితాల పోగు ఒకే దిక్కున ఉండాలి. పెద్ద కాగితాలకు మైదా జిగురు మంచిది, అంటించాక సర్దుకునే వ్యవధి ఇస్తుంది. పువ్వులకు ఫెవికాల్. మైదా జిగురు రెండు రోజుల్లో పులుస్తుంది, ఏ పూటకాపూట ఉడకబెట్టుకో. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. అది విషం, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. అయిన కార్డులు ఎండిన వేపాకుతో డబ్బాలో పెట్టు.

ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ పూస్తుంది. మందస వైపు కొండ దిగువకు వెళ్ళినప్పుడు రాలిన పూలు సంచిలో తెచ్చుకో. మోదుగను చిలక ముక్కు అని అందరూ అంటారు. అలా అనుకుని మొదలుపెడితే నువ్వు ముక్కే చేస్తావు, పువ్వు చెయ్యవు. విప్పి చూడు. వెడల్పాటి రేకు ఒకటి వెనక్కి విరుచుకుని ఉంటుంది. పక్కల రెండు చిన్నవి. మిగతా రెండూ కలిసి వంకర తిరిగిన దొన్నె. కేసరాలు ఆ దొన్నెలోనే దాగుంటాయి, పది. తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. తొడిమ దగ్గర గిన్నె ముదురు రంగులో మెత్తని నూగుతో ఉంటుంది. దానికి కాగితం పనికిరాదు. పొందూరు గుడ్డ ముక్కకే పొట్టు రంగు, ఇనుప నీళ్ళు పట్టించి, అంచు పోగులు గీకి నూగు లేపు. నారింజ రంగుకు ఆ పూలనే ఎండబెట్టి రాత్రి వేడినీళ్ళలో నానబెట్టి మరిగించు. పటిక వెయ్యి. ఒక్క చుక్క సున్నపు తేట తగిలిస్తే రంగు ఎర్రనవుతుంది, వంపు లోపలి నీడకు పనికొస్తుంది. ఎండ తగిలే గోడకు మాత్రం పెట్టొద్దని కార్డు కొన్నవాళ్ళకు చెప్పు, మోదుగ రంగు ఎండకు ఓర్వదు.

ఇలా విప్పి చూసి బొమ్మ గీయడం మన వైపు కొత్త కాదు. సామర్లకోటలో ఉన్న రాక్స్‌బరో అనే డాక్టరు ఇక్కడి చిత్రకారుల చేత మన మొక్కల బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. వాటిలోంచి ఎంచి లండనులో 1795 నుంచి అచ్చువేసిన మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి, మోదుగ మొదటి సంపుటంలోనే ఉంది. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం అట్ట మీద లేవు. నీ కార్డు వెనక నీ పేరు రాయి.

పేరుతో పాటు నెల, తోట కూడా రాయి. ఎందుకంటావేమో. 2018 అక్టోబరు 11 తెల్లవారేసరికి తిత్లీ తుఫాను ఉద్దానం ప్రాంతాన్ని ఏం చేసిందో నీకు లీలగా గుర్తుండొచ్చు. కొబ్బరి, జీడి, పనస వేళ్ళతో లేచిపోయాయి. ఆ మరుసటి వసంతం చాలా తోటల్లో పూత మాటే లేదు. ఇప్పుడు నువ్వు చూస్తున్న చెట్లలో తర్వాత నాటినవి ఎన్నో. ఫలానా తోటలో ఫలానా నెల పూసిందని రాసి ఉన్న కార్డు మీ నాన్నకే పనికొస్తుంది.

అమ్మకం సంగతి అడిగావు. జీడి గుత్తి కార్డు ఒకటి చెయ్యడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. అచ్చు కార్డు ధరకు ఇవ్వకు. బేరమాడేవాళ్ళకు మట్టి రంగు కాగితం మీద ఒక వేపపువ్వు అంటించిన చిన్న కార్డు చూపించు, వేపపువ్వు ఐదు తెల్ల రేకులే, పది నిమిషాల పని. పోస్టులో వెళ్ళేవాటికి పువ్వు ఎత్తు ఒకదానిమీదొకటి పెట్టిన రెండు రూపాయి బిళ్ళలను దాటకూడదు. గుత్తిని కింది భాగంలో ఉంచి, చుట్టూ అట్ట ముక్కతో గట్టు కట్టు. లేకపోతే స్టాంపు మీద ముద్ర కొట్టేటప్పుడే నీ పూలు అప్పడాలవుతాయి. శ్రీరామనవమి పందిట్లో తోరణాలకు మాత్రం ఇదంతా వద్దు. రంగు కాగితం, పురికొస, మైదా జిగురు. అవి ఎండకు వెలిసి వానకు తడవాల్సినవే.

మీ నాన్న బజారు పని మీద వచ్చాడు, అతని చేత పొట్టు ఒక సంచి, పటిక పొట్లం పంపుతున్నాను. తుప్పు మేకులు మీ పాత పశువుల శాల తలుపుకే బోలెడున్నాయి, పీకేముందు అడుగు. కుండ ఇవాళే కట్టిపెట్టు, లేకపోతే ఉగాదికి నలుపు అందదు.

ఇట్లు,
చిన్నమ్మమ్మ