రేటింగు తగ్గితే ఆట తగ్గినట్టేనా?

పిల్లలూ! మంచిర్యాలలోనూ గోదావరిఖనిలోనూ సెల్‌ఫోనులో చదరంగం నేర్చుకుంటున్నవారు మీలో ఉండే ఉంటారు. కొత్తవారందరికీ ఒక బాధ ఉంటుంది. ఒకరోజు పది ఆటల్లో ఏడు గెలిస్తే 1200 ఉన్న రేటింగు 1240కి ఎక్కుతుంది. మర్నాడు ఏడు ఓడితే మళ్లీ 1200కి దిగుతుంది. "నాకీ ఆట రాదు" అని కొందరు అక్కడితో మానుకుంటారు. మానే ముందు ఆ అంకె అర్థమేమిటో తెలుసుకుందాం.

ఈ లెక్కను రూపొందించినవాడు ఆర్పాడ్ ఎలో. హంగరీలో పుట్టి, అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఈ పద్ధతిని 1970లో స్వీకరించింది. ఇద్దరి రేటింగుల మధ్య తేడాను బట్టి ఫలితాన్ని ముందే అంచనా వేయడం ఇందులోని కిటుకు. గెలుపుకు 1, డ్రాకు 0.5 అనుకోండి. ఇద్దరూ సమానులైతే ఒక్కొక్కరి అంచనా 0.5. తేడా 200 ఉంటే పైవాడికి 0.76, కిందివాడికి 0.24.

ఆట ముగిశాక, వచ్చిన ఫలితంలోంచి అంచనాను తీసివేసి, ఒక స్థిరసంఖ్యతో గుణిస్తారు. ఆ సంఖ్య 20 అయితే, సమానుణ్ణి గెలిచినప్పుడు 20 × (1 – 0.5) = 10 పెరుగుతుంది. ఓడితే 10 తగ్గుతుంది. మీకంటే 200 ఎక్కువ ఉన్నవాడి చేతిలో ఓడితే సుమారు 5 మాత్రమే తగ్గుతుంది.

మరి ఆట మారకుండానే అంకె ఎందుకు ఊగుతుంది? తరగతిలో ఒక ప్రయోగం చేయండి. 30 మంది పిల్లలు తలా ఒక రూపాయి బిళ్లను పదేసిసార్లు ఎగరవేయండి. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి. అందరికీ 5–5 రాదు. సుమారు పదిమందికి ఏడు గాని అంతకుమించి గాని గెలుపులో, ఓటములో వస్తాయి. పది ఎగరవేతలకు 1024 రకాల ఫలితాలుంటే, వాటిలో 352 ఇలాంటివే. బిళ్లకు తెలివి పెరగలేదు, తగ్గలేదు! సమానులతో ఆడే మీ పది ఆటలూ అంతే. కానీ 100 ఆటల్లో 70 ఓడిపోతే అది కాకతాళీయం కాదు, కారణం వెతకాలి.

కొత్తవారికి ఊగిసలాట మరీ ఎక్కువ. ఆన్‌లైన్ ఆటల్లో చాలాచోట్ల గణాంక శాస్త్రవేత్త మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో పద్ధతి వాడతారు. మీ బలమెంతో కంప్యూటరుకు ఇంకా తెలియదు కాబట్టి, మొదటి ఆటల్లో అంకెను పెద్ద పెద్ద అంగలతో కదుపుతుంది. ఆటలు పెరిగినకొద్దీ అంగలు చిన్నవవుతాయి.

మంచిర్యాలలో రైలెక్కి కాజీపేట దాటితే వరంగల్ వస్తుంది. ఆ ఊరి ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతడే. మరుసటి ఏడాది అతని అంకె కూడా 2800 కిందికి దిగింది. అతడు ఆట మానలేదు.

అందుచేత రేటింగును రోజూ కాదు, 50 ఆటలకొకసారి చూడండి. నోటుపుస్తకంలో గీత గీయండి. పోయిన పాయింట్ల కోసం నిద్ర మానుకుని ఆడకండి. అలసిన మెదడు చేసే తప్పులు మాత్రం కాకతాళీయం కావు. ఓడిన ప్రతి ఆటలోనూ తప్పిన ఎత్తు ఒక్కటైనా వెతికి పట్టుకోండి. అంకె దిగినా, నేర్చుకున్న ఆ ఎత్తు మీ దగ్గరే ఉంటుంది.