నంద్యాల నుండి విమానాశ్రయమునకు

రైలుదారిని మొదట నేలపై వేయరు; కాగితముపై వేయుదురు. కాగితముపై గీత గీయుట నిమిషముల పని. ఆ గీతను నేలమీదికి దించుటకు సంవత్సరములు పట్టును. అది ఏ ఊరిని తాకునో ఆ ఊరి బ్రతుకు మాఱును. ఏ పొలమును చీల్చునో ఆ పొలముగల రైతు తన భూమిని వదలుకొనవలసి వచ్చును. ఏ ఊరిని తప్పించి పోవునో ఆ ఊరివారు బహుకాలము రైలుకూతను దూరమునుండియే వినవలసి యుందురు. కావున గీత గీయుటకు ముందు చేయవలసిన ఆలోచన మిక్కిలి ముఖ్యమైనది. దానినే పథకరచన యందురు. అది ఎట్లు సాగునో తెలిసికొనుటకు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతము చక్కని ఉదాహరణము.

తూర్పున నల్లమల కొండలు, పడమట ఎఱ్ఱమల కొండలు. ఆ రెండు వరుసల నడుమ కుందూనది పాఱు లోయ కలదు. ఈ లోయలో చాల భాగము నల్లరేగడి నేల. కర్నూలు–కడప కాలువ నీరు అందిన చోట్ల వరి పండును. నంద్యాల ఈ లోయలోని పెద్ద పట్టణము. దానికి దక్షిణమున ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్ళగడ్డ కలదు. అచ్చటి శిల్పులు రాతిని మలచి చేసిన విగ్రహములు దూరప్రాంతముల దేవాలయములకు పోవుచుండును. అహోబిల క్షేత్రమునకు పోవు యాత్రికులలో పెక్కురు ఈ ఊరిమీదుగానే పోవుదురు. 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాను వేఱుచేసినప్పుడు ఆళ్ళగడ్డ నంద్యాల జిల్లాలో చేరెను.

నంద్యాలకు రైలు వచ్చుటకు మూలము కఱవు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాతకఱవులో లక్షలకొలది జనులు మరణించిరి. రేవుపట్టణములలో ధాన్యము దిగినను, దానిని లోపలి జిల్లాలకు వేగముగా చేర్చు సాధనము చాలలేదు. బండి లాగు ఎద్దులకే మేత దొరకని కాలమది. 1880లో కఱవు కమీషను, ఇట్టి జిల్లాలకు రైలుదారులు అవసరమని సూచించెను. ఆ దశాబ్దముననే గుంతకల్లు వైపునుండి నంద్యాల మీదుగా నల్లమలను దాటి తూర్పునకు పోవు మీటరుగేజి దారిని నిర్మించిరి. అడవిలో కొండను తొలిచి బొగద వేసిరి. లోతైన లోయపై దొరబావి వంతెనను కట్టిరి. తరువాత 1990వ దశకమున ఈ దారిని బ్రాడుగేజిగా మార్చునప్పుడు, ఆ కొండలలో దారినే కొంత మార్చవలసి వచ్చెను. దొరబావి వంతెనను విడిచి రైళ్లు వేఱొక త్రోవను పట్టెను. నూఱేండ్లు నిలిచిన వంతెన సైతము క్రొత్త అవసరమునకు చాలదని తోచిన, ఇంజనీరు దానిని విడిచి మఱల గీత గీయవలసినదే.

ఈ దారి తూర్పు పడమరలుగా పోవుచుండుటచే దక్షిణముననున్న ఊళ్లకు రైలు దక్కలేదు. ఆ కొఱత తీర్చుటకు నంద్యాలనుండి కడప జిల్లాలోని ఎఱ్ఱగుంట్లకు 123 కిలోమీటర్ల క్రొత్త దారిని 1996–97లో మంజూరు చేసిరి. బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఈ దారిలోని ఊళ్లు. అది పూర్తియై 2016 ఆగస్టులో నంద్యాలనుండి ప్రయాణికుల రైలు బయలుదేరెను. మంజూరైన యేడు పుట్టిన శిశువు, రైలు వచ్చునాటికి ఇరువదియేండ్ల యువకుడయ్యెను. అయినను ఈ దారి లోయకు పడమటి వైపున పోయినందున ఆళ్ళగడ్డను తాకలేదు. ఆళ్ళగడ్డవారు రైలెక్కవలెనన్న ముందు బస్సెక్కి నంద్యాలకు రావలసినదే.

ఇంతలో ఈ సీమకు విమానాశ్రయము వచ్చెను. కర్నూలునుండి నంద్యాలకు పోవు రహదారిపై ఓర్వకల్లువద్ద వేయి ఎకరములకు పైబడిన స్థలమున నిర్మించిన విమానాశ్రయమును 2021 మార్చి 25వ తేదీన ప్రారంభించిరి. మూడు దినముల తరువాత బెంగళూరు, చెన్నై, విశాఖపట్టణములకు విమానములు నడువసాగెను. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. ఆంగ్లేయుల కంపెనీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడతడు. అతని ఉయ్యాలవాడ ఆళ్ళగడ్డ ప్రాంతములోనిదే. కాని అతని పేరు ధరించిన విమానాశ్రయము కర్నూలునకు ఇంచుమించు 20 కిలోమీటర్లు, నంద్యాలకు 50 కిలోమీటర్లకు పైగా, ఆళ్ళగడ్డకు 90 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. విమానాశ్రయము తెఱచిననాడు దాని చెంత రైలు స్టేషను లేదు.

అట్లయిన నంద్యాలనుండి ఈ విమానాశ్రయమునకు రైలుదారి వేయవచ్చునా? ఈ ప్రశ్నకు తొందరపడి ఔననుటయు, కాదనుటయు తగదు. ముందుగా ఇతర నగరముల అనుభవమును చూడవలెను.

ఇంగ్లాండులో గాట్విక్ విమానాశ్రయమును 1958లో క్రొత్తగా తెఱచినప్పుడు, లండనుకు పోవు పాత రైలుదారి ప్రక్కనే దానిని కట్టి, స్టేషనును భవనముతో కలిపిరి. విమానము దిగినవారు కొద్ది అడుగులు నడచి రైలెక్కిరి. రైలును విమానాశ్రయమునకు తెచ్చుటకంటె, విమానాశ్రయమునే రైలుచెంత నిలుపుట తేలిక యని ఇది చూపెను. చెన్నైలో తిరుసూలము స్టేషను విమానాశ్రయమునకు ఎదుట, రోడ్డుకు ఆవలి ప్రక్కననే కలదు. అచ్చటి రైళ్లు విమాన ప్రయాణికులను మాత్రమే నమ్ముకొన్నవి కావు. తాంబరమునుండి సముద్రతీరమువఱకు పోవు గుమాస్తాలు, విద్యార్థులు, కూలీలు వానిని నింపుదురు. విమాన ప్రయాణికుడు వారి నడుమ ఒకడు.

ఢిల్లీలో అట్లు కాదు. అచ్చట 22.7 కిలోమీటర్ల ప్రత్యేకమైన మెట్రోదారిని విమానాశ్రయము కొఱకే వేసి 2011 ఫిబ్రవరిలో తెఱచిరి. కట్టడములో లోపములు కనబడుటచే 2012 జూలైలో దానిని మూసి, 2013 జనవరిలో మఱల తెఱచిరి. అనుకొన్నంతమంది ప్రయాణికులు మొదట రాలేదు. తరువాత టికెట్టు ధర తగ్గించిన మీదట జనము పెరిగిరి. కొలది మంది కొఱకు వేసిన దారి, నలుగురికి అందుబాటైనప్పుడే నిండెను.

హైదరాబాదు కథ మఱింత దగ్గరిది. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు శంషాబాదునకు తరలిపోయెను. నగరమధ్యమునకు విమానాశ్రయము దూరమాయెను. మఱుసటి యేడు మెహిదీపట్టణమునుండి ఆరాంఘరు వఱకు 11 కిలోమీటర్లకు పైబడిన పైవంతెనను తెఱచిరి. అది కార్లకు మేలు చేసెను. 2022 డిసెంబరు 9వ తేదీన రాయదుర్గమునుండి శంషాబాదునకు ఇంచుమించు 31 కిలోమీటర్ల మెట్రోదారికి శంకుస్థాపన చేసిరి. తరువాత వచ్చిన ప్రభుత్వము ఆ గీతను మాన్పెను. రాయదుర్గము వైపునవారికి వలయరహదారి ముందే కలదని, జనసమ్మర్దమైన పేటల మీదుగా దారి పోవలెనని భావించి, నాగోలు, ఎల్బీనగరు, చాంద్రాయణగుట్టల మీదుగా పోవు మఱియొక గీతను 2024లో సిద్ధము చేసి కేంద్రప్రభుత్వమునకు పంపెను. శంకుస్థాపన జరిగిన పిదప సైతము గీత మాఱగలదని దీనివలన తెలియుచున్నది. గమ్యము రెండు గీతలకును ఒక్కటే. ఎవరి ముంగిటి మీదుగా పోవలెననునదియే తేడా.

ఇప్పుడు నంద్యాల లెక్కకు రావచ్చును. పథకము వ్రాయువారు మొదట అడుగు ప్రశ్న, ‘ఎందఱు పోవుదురు?’ అనునది. ఓర్వకల్లులో తొలుత నడచిన విమానములు చిన్నవి. ఒక్కొక్క దానిలో ఎనుబదికి లోపుగా సీట్లు ఉండెను. సాధారణమైన రెండవతరగతి రైలుపెట్టెలో ఇంచుమించు తొంబదిమంది కూర్చుండవచ్చును. అనగా నిండు విమానమున వచ్చిన వారందఱును ఒక్క రైలుపెట్టెలో ఇముడుదురు. వారిలో కర్నూలునకు పోవువారు కొందఱు, కార్లలో పోవువారు కొందఱు. మిగిలిన వారి కొఱకు ప్రత్యేకముగా రైలు నడిపిన అది ఖాళీగా తిరుగును. విమానాశ్రయము నొక్కదానినే నమ్ముకొని వేసిన దారి ఇచ్చట నిలువజాలదు.

రెండవ ప్రశ్న, ‘ఆ దారిన మఱి యెవరు పోవుదురు?’ అనునది. ఇచ్చట లెక్క మాఱును. నంద్యాలనుండి కర్నూలునకు రోడ్డుదారి తిన్ననిది. రైలున పోవలెనన్న పడమటనున్న ద్రోణాచలమునకు పోయి, అచ్చటనుండి మఱల ఉత్తరమునకు తిరుగవలెను. కావున జనులు బస్సులనే నమ్ముకొనిరి. ఆసుపత్రులకు, కళాశాలలకు, కచేరీలకు ఈ రెండు పట్టణముల నడుమ తిరుగువారు ప్రతిదినమును కలరు. ఇదిగాక ఓర్వకల్లువద్ద 2,600 ఎకరములకు పైగా స్థలమున పారిశ్రామిక కేంద్రము నెలకొల్పుటకు 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆమోదించెను. ఫ్యాక్టరీలు వచ్చిన పనివారును సరకులును వచ్చును. పాణ్యము స్టేషనునుండి చీలి, ఓర్వకల్లును తాకి కర్నూలును చేరు దారి యైనచో, అది వీరందఱికిని ఉపయోగపడును. విమానాశ్రయము ఆ దారిలో ఒక స్టేషను మాత్రమే యగును.

మూడవ ప్రశ్న నేలను గూర్చినది. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానిపై నేరుగా కట్ట పోసి పట్టాలు వేసిన అవి వంకరలు పోవును. కావున మెత్తని మట్టిని తీసి, మొరము వంటి గట్టిమట్టిని పొరలుగా పోసి అణచవలెను. వాననీరు కట్టకు అడ్డుపడి పొలములను ముంపకుండ ప్రతి వాగునకు తూము, ప్రతి కాలువకు వంతెన కావలెను. పాణ్యము దాటిన పిదప రాతినేల, మిట్టలు ఎదురగును. బస్సు ఎక్కగల మిట్టను రైలు ఎక్కజాలదు. నూఱు అడుగుల దూరమునకు ఒక్క అడుగు ఎత్తు పెరిగినను రైలుకు అది కఠినమైన ఎక్కుడే. అందుచేత రోడ్డు తిన్నగా పోయిన చోట రైలు చుట్టి పోవలెను, లేదా కొండను కోయవలెను.

నాల్గవ ప్రశ్న భూమిని గూర్చినది. ముప్పది కిలోమీటర్ల క్రొత్త దారి యనగా ముప్పది కిలోమీటర్ల పొడవున ఎవరెవరి పొలములో పోవుట. రెండెకరముల రైతు పొలము నడుమ కట్ట వచ్చిన, అతడు నష్టపోవునది కట్ట క్రింది నేల మాత్రమే కాదు. ఆవలి తుండునకు నాగలి, నీరు పోవు త్రోవయు తెగును. న్యాయమైన పరిహారము సకాలమున ఇచ్చుట, పొలములకు క్రింది త్రోవలు విడుచుట పథకములో భాగములే కాని దయాధర్మములు కావు. దీనిని ముందుగా ఆలోచింపని చోట్ల వ్యాజ్యములు పెరిగి, పనులు ఏండ్లతరబడి ఆగును.

ఇట్టి సర్వేలు ముగిసి, ఖర్చు తేలి, రైల్వే బోర్డు అంగీకరించి, బడ్జెటులో ధనము కేటాయించిన పిదపనే పని మొదలగును. దారి పూర్తియైనను వెంటనే ప్రయాణికులను ఎక్కింపరు. రైల్వే భద్రతా కమీషనరు వచ్చి పరీక్షించి అనుమతింపవలెను. ఆ అధికారి రైల్వే శాఖకు లోబడక, పౌరవిమానయాన శాఖకు లోబడి యుండును. కట్టినవారే పరీక్షకులు కారాదను నియమమే దీనికి కారణము.

ఇక ఆళ్ళగడ్డవారి మాట యేమి? ఆళ్ళగడ్డ, నంద్యాల, పాణ్యము, ఓర్వకల్లు, కర్నూలు ఒకే రహదారికి గ్రుచ్చిన పూసలవలె ఉన్నవి. ఆళ్ళగడ్డనుండి విమానాశ్రయమునకు బస్సు నేరుగా రెండు గంటలలో చేరుననుకొనుడు. రైలున పోదలచినవాడు నంద్యాలకు బస్సులో గంట, స్టేషనులో వేచియుండుటకు అరగంట, రైలులో గంట గడపవలెను. వేగముగల వాహనమెక్కియు అతడు అరగంట ఆలస్యముగా చేరును. మూటాముల్లెలతో ఒకసారి దిగి ఎక్కవలెను. కావున ఆళ్ళగడ్డకు కావలసినది విమానపు వేళకు సరిపడు నేరు బస్సు. హైదరాబాదు, విజయవాడల వైపు రైలులో పోవువారి కొఱకు నంద్యాల స్టేషనులో రైలు వేళకు అందు బస్సు. ఇవి రెండును కోట్ల ఖర్చు లేకుండ నెలలలో కాగల పనులు. పథకరచన యనగా పెద్దవానిని కోరుట మాత్రమే కాదు. చిన్నవానిని ముందు చేయుట కూడ.

విమానాశ్రయము ఊరికి గౌరవమని, రైలు దానిని తాకిన మఱింత గౌరవమని తలచువారు కలరు. గౌరవము కొఱకు వేసిన పట్టాలు తుప్పు పట్టును. అవసరము కొఱకు వేసినవి అరిగి మెఱయును. నంద్యాలకు మొదటి రైలు కఱవుకాలపు ఆకలిని తలచి వేసినది. తరువాతి రైలు ఎవరి అవసరమును తలచి వేయవలెనో నిర్ణయించువారు, విమానమెక్కువానితోపాటు, ఆళ్ళగడ్డలో తెల్లవాఱకమునుపే లేచి బస్సు కొఱకు నిలుచువానిని కూడ లెక్కలో వ్రాసికొనవలెను.

ప్రశ్నలు

1. నంద్యాలకు మొదట రైలుదారి ఏ కారణముచే వచ్చెను?
2. చెన్నై, ఢిల్లీ నగరముల విమానాశ్రయపు రైళ్లలోని భేదమేమి?
3. నల్లరేగడి నేలపై రైలుకట్ట వేయుటకు తీసికొనవలసిన జాగ్రత్తలు ఏవి?
4. ఆళ్ళగడ్డవారికి నేరు బస్సు మేలని చెప్పుటకు గల లెక్కను వివరింపుడు.
5. మీ ఊరినుండి సమీపముననున్న రైలు స్టేషనునకు పోవు దారిని పటముగా గీసి, ఆ దారిన ప్రతిదినము పోవువారెవరో వ్రాయుడు.