బానిసలు తెచ్చిన వరి చదువు

అమెరికాలో వరి సాగు ఎవరి తెలివితో పెరిగిందో తెలుసా?

ఇంగ్లీషు దొరలు 1670లో దక్షిణ కరోలినాలో స్థిరపడ్డారు. వాళ్ళ దేశంలో వరి పండదు. పశ్చిమ ఆఫ్రికావాళ్ళకు మాత్రం వేల ఏళ్ళుగా సొంత వరి ఉంది. వాళ్ళని పట్టి, ఓడల్లో తెచ్చి అమ్మారు. "వరి తీరం నుంచి వచ్చినవాళ్ళు" అని చార్లెస్టన్ పత్రికలో ప్రకటనలు కూడా వేశారు!

వాళ్ళు చేసిన పనులు:

1. మడమతో గుంట చేసి, విత్తు వేసి, పాదంతో మట్టి కప్పడం.
2. గట్లు వేసి, సముద్రపు పోటుకి పొంగే నది నీళ్ళు మడికి పెట్టడం. తొలిచిన చెట్టు మొద్దే తూము. తర్వాత చెక్క తలుపులు వచ్చినా, మొద్దు అనే అర్థంలో 'ట్రంక్' అనే పిలిచారు.
3. రోట్లో దంచి, గడ్డితో అల్లిన చేటలో చెరగడం.

ఆఫ్రికాలోనూ ఇలాగే చేసేవారు.

వరి అమ్మి దొరలు ధనవంతులయ్యారు. పండించినవాళ్ళకి 1865 దాకా స్వేచ్ఛే లేదు. పేరూ దొరలకే వచ్చింది. 1974లో పీటర్ వుడ్, 2001లో జూడిత్ కార్నీ పుస్తకాలు రాసి బానిసల తెలివిని లోకానికి చూపించారు. అందులో వాళ్ళ పాలు ఎంత అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు.

దక్షిణ అమెరికాలోని సురినాంలో, అడవిలోకి పారిపోయిన బానిసల సంతతివారు నేటికీ ఆఫ్రికా వరి పండిస్తున్నారు. తమ పూర్వపు స్త్రీలు జుట్టులో గింజలు దాచి తెచ్చారని చెప్పుకుంటారు.

మిత్రులారా! చేతిలో ఉన్న పని కూడా చదువే.