జాబితా క్రింది సంతకము

ఇంద్రేశము



నాయబు తహసీలుదారు శిక్షణలో నున్న నీవు, అనర్హుల పేర్లను యంత్రమే ఏరి యిచ్చుచుండగా అధికారి వివేకమునకు ఇంక మిగిలిన పని యేమని అడిగితివి. రెవెన్యూ శాఖలోనే ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడనగుటచే, మన రాష్ట్రమున జరిగిన యొక వృత్తాంతమును ముందుంచి సమాధానము చెప్పదలచితిని.

2014 ఆగస్టు 19వ తేదీన, ఒక్క దినముననే, తెలంగాణమంతట సమగ్ర కుటుంబ సర్వే జరిగెను. తరువాతి కాలమున, ముప్పదికి చేరువైన శాఖల దస్త్రములనుండి ఒక్కొక్క మనుష్యునికి సంబంధించిన వివరములను ఏర్చి కూర్చి చూపు ‘సమగ్ర వేదిక’ యను వ్యవస్థ నెలకొనెను. పేరును, చిరునామాను పోల్చి చూచి, ఆహారభద్రత కార్డు గల ఈ మనుష్యుడును, రవాణా శాఖ దస్త్రములోని ఆ కారు యజమానియు ఒక్కడే యని అంచనా కట్టుట దాని పని. కారు గలవానికి ఆ కార్డు కూడదన్న నియమమును నేను తప్పుపట్టను. బోగస్ కార్డులు ఉండుటయు నిజమే, వానిని వెదకుటకు యంత్రము తోడ్పడుటయు నిజమే. కారు ఎవరిదో తేల్చుటలోనే యున్నది చిక్కంతయు.

మన యూరినే చూడుము. పటాన్‌చెరు, పాశమైలారము కర్మాగారములలో షిఫ్టు పనులకు వచ్చినవారు, ఒకే ఇంటి నంబరు గల వరుస గదులలో నాలుగైదు కుటుంబములుగా కిరాయికుందురు. ఒక్క మనుష్యుని పేరే ఆధారులో ఒక తీరునను, కరెంటు బిల్లులో మఱియొక తీరునను అచ్చుపడియుండును. ఇంటి యజమాని కారును, కిరాయిదారు రేషన్ బియ్యమును ఒక్క చిరునామా మీదనే నమోదై యుండవచ్చును. గిర్దావరు ఆ వాకిట నిలిచి, ప్రక్క గదివారిని రెండు మాటలడిగినంతనే విడిపోవు ఈ చిక్కుముడి, దస్త్రములను మాత్రమే ఎఱిగిన గణనమునకు చిక్కుముడిగానే తోచదు.

ఈ విధముగా రాష్ట్రమున సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యెను. ముందుగా నోటీసు లేదు. గడప త్రొక్కి చూచిన విచారణ లేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యము మీద, క్షేత్రస్థాయిలో తిరిగి విచారింపుమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించెను. అటు పిమ్మట వచ్చిన 4,91,899 దరఖాస్తులలో, ఆ జూలై నాటికి 2,05,734 పరిశీలింపబడగా, వానిలో 15,471 అర్హమైనవేయని తేలినది. నూటికి ఏడున్నర యన్న లెక్క కాగితము మీద స్వల్పముగా కనబడును గాని, ఆ యిండ్లలో బియ్యము రాక గడచిన నెలలను ఏ పునర్విచారణ తిరిగి ఇయ్యగలదు? ఇది తలచినపుడెల్ల నా మనస్సు కలతపడును.

బిడ్డా, నీవు భయపడవలసినది యంత్రము పొరపడుటకు మాత్రమే కాదు. మనుష్యులమైన మనమును పొరపడుదుము. జాబితాలో ‘అనర్హుడు’ అని యున్నచోట నీవును ‘అనర్హుడు’ అని వ్రాసితివేని, ఎందులకని నిన్ను అడుగువాడు లేడు. ‘అర్హుడు’ అని వ్రాసితివేని సంజాయిషీ యంతయు నీ మీద పడును. రోజుకిన్ని ఫైళ్ళు ముగించవలెనన్న ఒత్తిడి దీనికి తోడైనపుడు, ఎంతటి సజ్జనుడును సులభమైన దారినే పట్టును. అట్లు కొన్నాళ్ళు నడచిన పిమ్మట, విభేదింపవలెనన్న తలంపే వానికి పుట్టదు. అంతమాత్రమున బాధ్యత తప్పదు. నెదర్లాండ్స్ దేశమున, శిశు సంరక్షణ భత్యము పొందుచున్న వేలాది కుటుంబములను మోసగాండ్రుగా ఎంచి వేధించిన వ్యవహారములో, అనుమానితులను ఎంచుటకు గణన పద్ధతిని కూడ వాడిరి. ఆ వ్యవహారము ఫలితముగా 2021 జనవరిలో ఆ దేశపు ప్రభుత్వమే రాజీనామా చేసెను. బాధ్యత యంత్రముతో ఆగిపోలేదు.

మన న్యాయశాస్త్రమున ఈ బాధ్యతకు పాత ఆధారమే యున్నది. మొహిందర్ సింగ్ గిల్ వ్యాజ్యమున 1977 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ వ్రాసిన తీర్పు, అధికారి ఉత్తర్వు అందులో చెప్పిన కారణములతోనే నిలువవలెనని, తరువాత ప్రమాణపత్రములో క్రొత్త కారణములు చేర్చి దానిని బ్రతికింపరాదని నిర్ణయించెను. ‘వ్యవస్థలో అట్లు చూపుచున్నది’ అను మాట కారణమగునా? ఏ బండి, ఏ రిజిస్ట్రేషన్ నంబరు, ఆ బండి ఈ కార్డుదారుదేయని ఎట్లు తెలిసినది, ఎవరు పోయి చూచిరి — ఇవి వ్రాయగలిగిననాడే నీ ఉత్తర్వు ఉత్తర్వగును.

కావున మొదటి జాబితా నీ బల్ల మీదికి వచ్చినపుడు, దానిని అనుమానముల పట్టికగా మాత్రమే స్వీకరింపుము. రద్దునకు ముందే నోటీసు పంపుము. అది తెలుగులో నుండవలెను, చదువరానివారికి చదివి వినిపింపబడవలెను. కూలిదినము పోగొట్టుకొని నీ కచేరీకి వచ్చిన స్త్రీని, తనకు కారు లేదని ఋజువు తెమ్మని అడుగకుము; లేనిదానికి ఋజువు ఆమె యెక్కడనుండి తేగలదు? ఉన్నదని చూపవలసిన భారము ప్రభుత్వముది. యంత్రముతో విభేదించిన ప్రతి సందర్భమును, కారణముతో సహా, ఒక రిజిస్టరులో తేదీ వేసి వ్రాసికొని, నెలకొకమారు కలెక్టరు కార్యాలయమునకు పంపుము. ఎవరును అడుగకపోయినను పంపుము. ఆ వ్యవస్థను సరిదిద్దువారికి దాని పొరపాట్లు మఱియే విధముగను తెలియవు.